ఎయిర్‌లాక్‌లో బుడగలు రావడం లేదా? రెండో ప్యాకెట్ చింపే ముందు చూడవలసినవి

ఇంట్లో బీరు చేస్తూ రాత్రి ఈస్ట్ వేసి పడుకుంటారు. తెల్లవారి చూస్తే ఎయిర్‌లాక్‌లో, అంటే గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని మూత మీది నీటి గొట్టంలో, నీళ్లు కదలవు, బుడగ లేదు. బీరు పాడైపోయిందనే కంగారు అక్కడే మొదలవుతుంది. నిజానికి ఈస్ట్ ఆ సమయంలో ఖాళీగా ఏమీ ఉండదు. వర్ట్‌లో, అంటే మాల్ట్ నుంచి తీసిన తీపి ద్రవంలో, ఉన్న ఆక్సిజన్‌ను పీల్చుకుని సంఖ్య పెంచుకునే పనిలో ఉంటుంది. గది వేడిలో పులిసే ఏల్ రకం బీరు ఈస్ట్‌కు ఇందుకు 12 నుంచి 24 గంటలు మామూలే. చల్లగా పులిసే లాగర్ రకానికి ఒక్కోసారి 72 గంటలు కూడా పడుతుంది. ఈలోపు మూత తీసి తొంగి చూసిన ప్రతిసారీ బయటి సూక్ష్మజీవులకు దారి ఇచ్చినట్టే.

బుడగలు లేవు, లోపల నురగ ఉంది

పులియడం మొదలైంది, గ్యాస్ మూత అంచు నుంచి జారిపోతోంది. ప్లాస్టిక్ బకెట్లలో ఇది మరీ ఎక్కువ. మూత మీద అరచేతితో మెల్లగా నొక్కి అలాగే పట్టుకోండి. ఎయిర్‌లాక్‌లో ఒకవైపు పెరిగిన నీటిమట్టం చేయి తీయకముందే కిందికి దిగిపోతే ఎక్కడో సందు ఉన్నట్టు. రబ్బరు వాషర్‌ను శానిటైజర్‌తో తడిపి సరిగా కూర్చోబెట్టండి, మూతను చుట్టూ బిగించండి. బకెట్ పారదర్శకంగా ఉంటే పక్కనుంచి టార్చి వేసి చూడండి. ద్రవం మట్టానికి పైన గోధుమరంగు మరకల వలయం కనిపిస్తే నురగ వచ్చిపోయిందని అర్థం, మీరు నిద్రలో ఉండగానే.

నురగ లేదు, బుడగ లేదు

ఇక్కడ హైడ్రోమీటర్ మాటే నమ్మాలి. ద్రవంలో తేలుతూ దాని సాంద్రత చూపే గాజు గొట్టం ఇది, చక్కెర పులిసేకొద్దీ అంకె తగ్గుతుంది. మొదట్లో 1.050 ఉన్నది ఇప్పుడు 1.044 అయితే దిగులు అక్కర్లేదు. కొలిచేటప్పుడు హైడ్రోమీటర్‌ను ఒకసారి గిర్రున తిప్పండి. ఒంటికి అంటుకున్న గ్యాస్ బుడగలు దాన్ని పైకి లేపి తప్పు అంకె చూపిస్తాయి. నమూనా వేడిగా ఉన్నా లెక్క తప్పుతుంది. కొలిచిన నమూనాను తిరిగి బకెట్లో పోయకండి. రుచి చూడండి, తీపి తగ్గిందో లేదో నాలుక కూడా చెబుతుంది.

అంకె కదలలేదు, బకెట్ చల్లగా ఉంది

నా అనుభవంలో అసలు దోషి ఎక్కువసార్లు ఇదే. గదిలో 22 డిగ్రీలు ఉందని మనం నిశ్చింతగా ఉంటాం. బకెట్ మాత్రం చల్లటి నేల మీద కూర్చుని రాత్రికి రాత్రి 14 డిగ్రీలకు దిగుతుంది. ఆ చలికి చాలా ఏల్ ఈస్ట్‌లు ముడుచుకుని అడుగుకు చేరుతాయి. కొలవవలసింది గదిని కాదు, ద్రవాన్ని. బకెట్‌ను నేల మీదినుంచి ఎత్తి పెట్టి దుప్పటి చుట్టండి, అడుగున పేరుకున్నది లేచేలా మెల్లగా గుండ్రంగా కదిలించండి. 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఆపండి. తొందరపడి 26కు తీసుకువెళ్తే పులియడం మొదలవుతుంది కానీ బీరులో ఘాటైన స్పిరిట్ వాసన దిగుతుంది. నేను ఒకసారి హీటర్ పక్కన పెట్టి ఆ ముచ్చటా తీర్చుకున్నాను. పులియడం ఊపందుకున్నాక ఈస్ట్ తనంతట తానే వేడి పుట్టిస్తుందన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

దీనికి పూర్తి విరుద్ధమైన తప్పు వర్ట్ చల్లారకముందే ఈస్ట్ వేయడం. 40 డిగ్రీలు దాటిన వర్ట్‌లో వేసి ఉంటే చాలా భాగం చచ్చిపోయి ఉంటుంది. చల్లార్చి కొత్తది వేయడమే మార్గం.

వేడి సరిగానే ఉంది, అయినా చలనం లేదు

అప్పుడు అనుమానించవలసింది ఈస్ట్ పరిమాణాన్ని, వయసును. 1.048 దగ్గర ఉన్న 20 లీటర్ల ఏల్‌కు సుమారు 18 వేల కోట్ల జీవకణాలు కావాలి, లాగర్‌కు దానికి రెట్టింపు. పొడి ఈస్ట్ 11 గ్రాముల ప్యాకెట్ ఒకటి అలాంటి ఏల్‌కు సరిపోతుంది. ద్రవ ఈస్ట్ ఫ్రిజ్‌లో ఉన్నా నెల నెలకూ బలం కోల్పోతుంది. అందుకే పాత ప్యాకెట్‌ను నేరుగా వేయకుండా, లీటరు నీటిలో 100 గ్రాముల పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ మరిగించి చల్లార్చి, అందులో ఒకటి రెండు రోజులు పెంచాలి.

ఆక్సిజన్ సంగతి కూడా ఉంది. మరిగించినప్పుడు వర్ట్‌లోని గాలి అంతా పోతుంది. అది లేకపోతే ఈస్ట్ తన కణపొరలు కట్టుకోలేదు. ఈస్ట్ వేసే ముందు చల్లారిన వర్ట్‌ను కొన్ని నిమిషాలు గట్టిగా కుదపండి. పొడి ఈస్ట్‌లో కణపొరలకు కావలసిన నిల్వ కొంత ముందే ఉంటుంది కాబట్టి ఇది ద్రవ ఈస్ట్‌కే ముఖ్యం. పులియడం మొదలయ్యాక మాత్రం కుదపకూడదు, బీరు తడిసిన అట్టముక్కలా రుచి వస్తుంది.

72 గంటలు దాటినా అదే అంకె

ముందు వాసన చూడండి. వెనిగర్ ఘాటు ఉన్నా, పైన బూజు కనిపించినా పారబోయండి. వాసన శుభ్రంగా ఉంటే కొత్త ఈస్ట్ వేయవచ్చు. పొడి ఈస్ట్‌ను దాని బరువుకు పదిరెట్లు నీటిలో, మరిగించి 30 నుంచి 35 డిగ్రీలకు చల్లార్చిన నీటిలో, చల్లి పావుగంట కదపకుండా వదిలేయండి. మీగడలా కరిగాక కలిపి, కొంచెం కొంచెంగా వర్ట్ చేర్చి చల్లబరిచి బకెట్లో పోయండి. మూత బిగించి, మళ్లీ ఒక రోజు ఆగి కొలవండి.