రాష్ట్ర ఎగుమతుల లెక్క చదవడం ఎలా: చెన్నై రేవు దాటిందల్లా తమిళనాడు సరుకు కాదు

గుంటూరు యార్డులో కొన్న తేజ మిరప లారీలో చెన్నైకి వచ్చి, అక్కడ కంటైనర్ ఎక్కి చైనాకు వెళ్తుంది. అది ఏ రాష్ట్రం ఎగుమతి? రేవును చూసి తమిళనాడు అనేవాళ్లే ఎక్కువ. జవాబు ఆంధ్రప్రదేశ్. రాష్ట్రాలవారీ లెక్క కట్టేది సరుకు పుట్టిన చోటును బట్టి, ఓడ ఎక్కిన చోటును బట్టి కాదు. శ్రీసిటీ పారిశ్రామిక వాడలో తయారైన వస్తువులదీ ఇదే కథ. ఫ్యాక్టరీ తిరుపతి జిల్లాలో, రేవు చెన్నైలో, లెక్క ఆంధ్ర ఖాతాలో.

చెన్నైలో ఉంటూ సొంతూరి సరుకు బయటికి పంపాలనుకునేవాళ్లు మొదట తప్పటడుగు వేసేది ఇక్కడే. ఏ దేశం కొంటోంది, ఎంతకు కొంటోంది అన్నది తెలుసుకోవడానికి ఏజెంటుకు డబ్బు కట్టక్కర్లేదు. కావలసినదంతా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంటుంది. చదవడం తెలియాలి, అంతే.

ప్రశ్న, ఆ తర్వాత కోడ్

‘మన రాష్ట్రం ఏం ఎగుమతి చేస్తుంది’ అని మొదలుపెడితే సాయంత్రానికి ఇరవై పట్టికలు చేతిలో ఉంటాయి, జవాబు మాత్రం ఉండదు. ‘2024-25లో పొడి చేయని ఎండుమిరప ఏ దేశాలకు, కిలో ఎంతకు వెళ్లింది’ అని కాగితం మీద రాసుకోండి. మన ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకు. అమెరికా, చైనా లెక్కలు ఎక్కువగా జనవరి నుంచి డిసెంబరు వరకు దొరుకుతాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టాలంటే నెలవారీ అంకెలు తీసి మీరే కూడుకోవాలి.

తర్వాత హెచ్‌ఎస్ కోడ్, అంటే ప్రతి రకం సరుకుకూ ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య. దాని మొదటి రెండు అంకెల్ని అధ్యాయం అంటారు. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, మన దేశంలో మరో రెండు చేర్చి ఎనిమిది చేస్తారు. ఎండుమిరపకాయ 090421, కారంపొడి 090422. దగ్గరి చుట్టాలే అయినా కొనే దేశాలు వేరు, ధర వేరు, కలిపి చూస్తే రెండూ తప్పుతాయి. రొయ్యల దగ్గర ఈ ఉచ్చు ఇంకా పెద్దది. పచ్చి ఫ్రోజెన్ రొయ్య 03వ అధ్యాయంలో ఉంటే, పొట్టు తీసి ఉడికించి లేదా పిండి పట్టించి ప్యాక్ చేసినది 16వ అధ్యాయంలోకి వెళ్తుంది. ఒక్క 03 మాత్రమే చూసినవాడికి విలువ ఎక్కువున్న సరుకు కనబడదు. తిరుప్పూరు బనియన్లు 61లో, నేసిన గుడ్డతో కుట్టిన చొక్కాలు 62లో.

కోడ్‌లు మారుతూ కూడా ఉంటాయి. 2022 సవరణలో స్మార్ట్‌ఫోన్లకు 851713 అని విడిగా ఇచ్చారు, అంతకు ముందు మొబైళ్లన్నీ 851712లో ఉండేవి. పాత కోడ్‌తోనే గ్రాఫ్ గీస్తే 2022 దగ్గర ఎగుమతి ఒక్కసారిగా కూలిపోయినట్టు కనిపిస్తుంది. కూలింది ఎగుమతి కాదు, కోడ్.

అంకెలు ఎక్కడ తీయాలి

రెండు చోట్లు చాలు. వాణిజ్య శాఖ ‘ట్రేడ్‌స్టాట్’లో ఎనిమిది అంకెల కోడ్ వరకు, దేశాలవారీగా లెక్క ఉంటుంది, అయితే అది భారతదేశం మొత్తానికి. రాష్ట్రాల లెక్క ‘నిర్యాత్’ పోర్టల్‌లో ఉంటుంది, దీన్ని 2022 జూన్ 23న ప్రారంభించారు. నిర్యాత్‌లో సరుకులు పెద్ద గుంపులుగా ఉంటాయి కాబట్టి మిరప ‘సుగంధ ద్రవ్యాలు’లో పసుపు, జీలకర్రలతో కలిసిపోతుంది. కనుక రాష్ట్రం వాటా నిర్యాత్‌లో, సరుకు వివరం ట్రేడ్‌స్టాట్‌లో చూసి రెంటినీ జోడించుకోవాలి. ప్రతి నెల మధ్యలో వాణిజ్య శాఖ విడుదల చేసే అంకెలు తాత్కాలికమైనవి, తర్వాత సవరిస్తారు. రిపోర్టులో పెట్టేటప్పుడు ఏ తేదీన తీశారో పక్కన రాసుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు, యూనిట్లు. ట్రేడ్‌స్టాట్‌లో విలువ మిలియన్ డాలర్లలో, పరిమాణం వేలల్లో ఉంటుంది. విలువ గడిలో 120, పరిమాణం గడిలో 50,000 కిలోలు అని ఉందనుకుందాం. 120ని 50,000తో భాగిస్తే 0.0024 వస్తుంది. అది చూసి కిలో మిరప పైసల్లో అమ్ముడుపోతోందా అని తల పట్టుకుంటారు. 120 అంటే 12 కోట్ల డాలర్లు, 50,000 అంటే 5 కోట్ల కిలోలు. భాగిస్తే కిలో 2.40 డాలర్లు. ఇలా ప్రతి దేశానికీ కిలో ధర కట్టి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి. మీ ఖర్చులన్నీ కలిపిన ధర ఆ వరుసలో ఎక్కడ పడుతుందో అక్కడి నుంచి మార్కెట్ వెతకాలి. ఎక్కువ సరుకు కొనే దేశమే మంచి ధర ఇస్తుందన్న గ్యారంటీ లేదు. యూరప్ మంచి ధర ఇచ్చినా అక్కడ మసాలా దినుసుల్లో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 దాటకూడదు. కళ్లంలో సరిగ్గా ఆరని కాయ ఆ పరీక్షలో నిలవదు.

బిలియన్ అంటే వంద కోట్లు. ఇది మరిచి సున్నాలు తారుమారు చేసిన వార్తలు పేపర్లలోనూ కనిపిస్తుంటాయి. పెరుగుదల చూసేటప్పుడు మాత్రం డాలర్లలోనే చూడండి. రూపాయి పడిపోయిన ఏడాది, సరుకు ఒక్క బస్తా పెరగకపోయినా రూపాయల్లో ఎగుమతి పెరిగినట్టే ఉంటుంది.

రాష్ట్రాలను పోల్చేటప్పుడు

2024-25లో గుజరాత్ ఎగుమతులు సుమారు 116 బిలియన్ డాలర్లు, తమిళనాడువి సుమారు 52. గుజరాత్ అంకెలో పెద్ద భాగం జామ్‌నగర్ రిఫైనరీల నుంచి వెళ్లే పెట్రోలు, డీజిలుది. క్రూడాయిల్ ధర పడితే ఆ అంకె కూడా పడుతుంది. తమిళనాడు లెక్కలో కార్లు, యంత్రాలు, దుస్తులు, తోలు ఉన్నాయి. ఈ మధ్య అన్నిటినీ మించి పెరిగింది ఎలక్ట్రానిక్స్, ఆ ఏడాది ఒక్క వాటివే 14 బిలియన్ డాలర్లు దాటాయి. దాన్ని పెంచింది ముఖ్యంగా శ్రీపెరుంబుదూరు చుట్టుపక్కల తయారయ్యే ఫోన్లు. అయితే ఫోన్ పూర్తి విలువా ఎగుమతి ఖాతాలో పడుతుంది, లోపలి చిప్పులూ డిస్‌ప్లేలూ దిగుమతి ఖాతాలో వేరేగా ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ ఉండే 85వ అధ్యాయాన్ని ఎగుమతి, దిగుమతి రెండు వైపులా చూడకుండా ఇక్కడ మిగిలిందెంతో చెప్పలేం.

బెంగళూరు వాళ్లకు ఈ పట్టికలు చూస్తే చిన్నతనం అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ కస్టమ్స్ గేటు దాటదు కాబట్టి ఈ లెక్కలో ఉండదు. అది సేవల ఎగుమతి, దాని లెక్క వేరే దారిలో వెళ్తుంది.

దేశాల పేర్ల దగ్గరా కాస్త అనుమానంగానే ఉండండి. నెదర్లాండ్స్, యూఏఈ, సింగపూర్ పెద్ద కొనుగోలుదార్లుగా కనిపిస్తాయి. రోటర్‌డామ్‌లోనో జెబెల్ అలీలోనో దిగిన సరుకు పక్క దేశాలకు పోతుంది. అనుమానం తీరాలంటే కొన్న దేశం తన దిగుమతి లెక్కలో భారత్ పేరిట ఎంత చూపిందో తిరగేసి చూడాలి. ఐక్యరాజ్యసమితి ‘కామ్‌ట్రేడ్’లో అది దొరుకుతుంది. రెండూ సరిగ్గా సరిపోవాలని పట్టుపట్టొద్దు. మనం చూపేది ఓడ ఎక్కేవరకు ధర, వాళ్లు సాధారణంగా చూపేది ఓడ కిరాయి, బీమా కలిపిన ధర. పైగా మార్చిలో ఇక్కడ బయల్దేరింది అక్కడ ఏప్రిల్‌లో దిగుతుంది.

దిగుమతుల్లో రాష్ట్రాల లెక్క ఇంత నమ్మదగ్గది కాదు. కాకినాడలోనో చెన్నైలోనో దిగిన పామాయిల్ నాలుగు రాష్ట్రాల వంటిళ్లకు వెళ్తుంది. దిగుమతిదారు ఆఫీసు చిరునామా ఒక రాష్ట్రంలో, వాడేది మరోచోట. రేవుల లెక్కతోనే సరిపెట్టుకుని, ‘ఈ రేవులో దిగింది’ అని మాత్రమే రాయండి.

2025-26 అంకెలు వాడేవాళ్లు ఏడాది మొత్తం మీద తీర్పు చెప్పొద్దు. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో ఎక్కువ భాగం మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. రొయ్యలు, దుస్తుల్లాంటి వాటికి అంతకు ముందు నెలలు, ఆ తర్వాతి నెలలు విడివిడిగా చూడాల్సిందే.

మీ షిప్పింగ్ బిల్లే ఈ లెక్కకు మొదలు

ఈ అంకెలన్నీ ఎగుమతిదార్లు కస్టమ్స్‌కు దాఖలు చేసే పత్రాల నుంచి, అంటే షిప్పింగ్ బిల్లుల నుంచి వచ్చినవే. 2020 ఫిబ్రవరి 15 నుంచి అందులో ప్రతి సరుకుకూ పుట్టిన రాష్ట్రం, జిల్లా తప్పనిసరిగా చూపాలి. మీ జీఎస్‌టీ నంబరు తమిళనాడుది, అంటే 33తో మొదలైంది అనుకుందాం. బిల్లు దాఖలు చేసే కస్టమ్స్ ఏజెంటు పాత బిల్లును కాపీ చేసి వివరాలు మారుస్తాడు, రాష్ట్రం గడిలో తమిళనాడు అలాగే ఉండిపోతుంది. మీ గుంటూరు మిరప అక్కడితో చెన్నై మిరప అయిపోయింది.

దీన్ని ఆపే చోటు ఒక్కటే. దాఖలు చేసే ముందు ఏజెంటు పంపే చెక్‌లిస్ట్. వాట్సాప్‌లో రాగానే చూడకుండా ‘ఓకే’ కొట్టొద్దు. హెచ్‌ఎస్ కోడ్, పరిమాణం, యూనిట్, ఓడ ఎక్కేవరకు ధర, పుట్టిన రాష్ట్రం, జిల్లా చూడండి. సరుకు చివరికి చేరే దేశం, మధ్యలో ఓడ మారే రేవు రెండూ వేర్వేరు గడులు. కొలంబోలో కంటైనర్ మారినంత మాత్రాన సరుకు శ్రీలంకకు అమ్మినట్టు కాదు. రేవు కోడ్ కూడా చూడండి. చెన్నై రేవు ఐఎన్‌ఎంఏఏ1, చెన్నై విమాన కార్గో ఐఎన్‌ఎంఏఏ4, కాట్టుపల్లి ఐఎన్‌కేఏటీ1. చివరి అంకె 1 అయితే ఓడరేవు, 4 అయితే విమానాశ్రయం. ఆఖరి నిమిషంలో కంటైనర్‌ను చెన్నై నుంచి కాట్టుపల్లికి మారిస్తే ఈ గడి కూడా మారాలి.

కస్టమ్స్ ఎగుమతికి అనుమతి ఇచ్చేశాక తప్పు దిద్దాలంటే కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద అర్జీ పెట్టుకోవాలి. సరుకు ఎగుమతి అయిన సమయానికే ఉన్న పత్రాలతోనే తప్పును రుజువు చేయాలి కాబట్టి యార్డు బిల్లు, లారీ వే బిల్లు, కొనుగోలు ఇన్‌వాయిస్ ఒకే ఫైల్లో పెట్టి ఉంచుకోండి.