లేసిక్‌కి వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

లేసిక్ అంటే కళ్లద్దాల అవసరం తగ్గించడానికి లేజర్‌తో చేసే కంటి ఆపరేషన్. పెళ్లిచూపులనో, ఉద్యోగం సెలక్షన్లనో తొందరపడి తేదీ ఖాయం చేసుకోకండి. ముందు ఇవి చూసుకోండి.

– వయసు 18 దాటాలి. కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. పాత కళ్లద్దాల చీటీలు దాచి ఉంటే తీసుకెళ్లండి.

– కాంటాక్ట్ లెన్సులు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఆకారాన్ని కొంత మారుస్తాయి. అందుకే కొలతలు తీసే ముందే మానేయాలి: మెత్తటివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే మూడు నాలుగు వారాలు. ఈ విషయం దాచి పరీక్షకు కూర్చుంటే లెక్కే తప్పుతుంది.

– కార్నియా మందం, ఆకారం చూసే స్కాన్ తప్పనిసరి. కెరటోకోనస్ (కార్నియా పల్చబడి శంఖంలా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) ఛాయలున్నా, కార్నియా బాగా పల్చగా ఉన్నా డాక్టర్ లేసిక్ వద్దంటారు. ఆ మాట వినండి. ఆఫర్ ఉందని ఇంకో క్లినిక్‌కి పరిగెత్తకండి, చూపుతో బేరం వద్దు.

– కళ్లు పొడిబారడం, షుగర్, కీళ్లవాతం, వాడే మందులు అన్నీ చెప్పండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి.

– నలభై దాటాక చదవడానికి అద్దాలు అవసరం కావచ్చని ముందే తెలుసుకోండి.

– ఆపరేషన్ రోజు కాటుక, మేకప్, సెంటు వద్దు. ఇంటికి తీసుకెళ్లడానికి తోడు ఒకరుండాలి, బండి మీరు నడపకూడదు.