సీలియాక్ ఉన్నవాళ్ల చారుకి ఇంగువ చిక్కు

సీలియాక్ అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగులు దెబ్బతినే జబ్బు. అది ఉండి గోధుమ, మైదా, బొంబాయి రవ్వ అన్నీ మానేసినా కడుపు ఉబ్బరం తగ్గడం లేదా? పోపుల డబ్బాలో ఇంగువ చూడండి. మన ఇళ్లల్లో వాడే ఇంగువ పొడిలో చాలావాటికి గోధుమ పిండో మైదానో కలుపుతారు. ముద్ద ఇంగువ అయినా అంతే, గట్టిగా ఉంది కదా అని నమ్మకండి. డబ్బా వెనక సన్న అక్షరాల్లో గోధుమ, మైదా, స్టార్చ్ అని ఉంటే పక్కన పెట్టేయండి. బియ్యప్పిండి కలిపి, గ్లూటెన్ ఫ్రీ అని రాసినవి దొరుకుతాయి. మన దేశంలో ఆ ముద్రకి హద్దు కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్.

అది దొరక్కపోతే నలుగురి చారుకి 4 వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే చితక్కొట్టి, చెంచా నూనెలో ఆవాలు చిటపటలాడాక వేసి, అంచులు ఎర్రబడగానే చారులో పోసేయండి. మాడితే చేదు. పప్పుకీ ఇదే పోపు.

బయట కొన్న సాంబారు పొడి, ఆవకాయ, అప్పడాల్లో ఇంగువ ముందే పడి ఉండొచ్చు, వాటికి ఈ ఉపాయం పనిచేయదు. జొన్నపిండి కూడా గోధుమలు ఆడించే మరలోనే పట్టిస్తే లాభం లేదు. జొన్నలు కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీలో ఆడించి జల్లించుకోండి, అదీ గోధుమ తగలని జల్లెడతో.