ఇంగ్లిష్ లిజనింగ్ టెస్ట్‌లో మార్కులు ఎక్కడ పోతున్నాయి, దానికి ఎలా ప్రిపేర్ అవ్వాలి?

సినిమాలు, సిరీస్‌లు చూస్తూ ఉంటే లిజనింగ్ దానంతటదే వచ్చేస్తుందని అందరూ చెప్తుంటారు, కొంతవరకు నిజమే గానీ టెస్ట్‌లో పని వేరే. ప్రశ్న చదువుతూ, ఆడియో వింటూ, ఆన్సర్ రాస్తూ ఉండాలి, మూడూ ఒకేసారి. విదేశాల్లో చదువుకి, వీసాలకి అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ సంగతే చూడండి, అందులో లిజనింగ్‌కి నాలుగు పార్టులు, 40 ప్రశ్నలు, దాదాపు 30 నిమిషాలు, ఆడియో మాత్రం ఒక్కసారే వేస్తారు.

స్టెప్ 1: ముందు మీ తప్పులేంటో తెలుసుకోండి

పాజ్ కొట్టకుండా ఒక ఫుల్ టెస్ట్ రాయండి. స్కోర్ చూసుకుని బాధపడి వెంటనే ఇంకో టెస్ట్ మొదలుపెట్టేస్తారు చాలామంది, దానివల్ల పెద్దగా ఒరిగేదేం ఉండదు. ట్రాన్స్‌క్రిప్ట్ (ఆడియోలో మాటలన్నీ రాసి ఉండేది) తీసి, తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాసుకోండి: ఆ పదమే తెలీదా, తెలిసిన పదమే కానీ చెవికి అందలేదా, లేక అన్నీ వినపడినా ఉచ్చులో పడ్డారా. మొదటిదైతే ఒకాబులరీ పెంచుకోవాలి, అంతే. మిగతా రెండిటికీ పద్ధతులు వేరు.

స్టెప్ 2: తెలిసిన పదాలు వినపడకపోతే

అసలు చిక్కంతా ఇక్కడే. మనం ఒక్కో పదం విడివిడిగా నేర్చుకుంటాం, వాళ్ళేమో కలిపేసి మాట్లాడతారు. ‘వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ’ అన్నది ‘వాటర్య గొన డూ’ లాగా వచ్చేస్తుంది, ‘కాంట్’లో చివరి ‘ట్’ ఒక్కోసారి సరిగ్గా పలకరు కూడా. దీనికి మంచి మందు డిక్టేషన్. ఒకటి రెండు నిమిషాల క్లిప్ తీసుకుని ఒక్కో వాక్యం విని రాయండి, అందకపోతే మళ్ళీ వినండి, అప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్‌తో పోల్చుకుని ఎక్కడ మింగేశారో చూసి, ఆడియోతో పాటు అదే స్పీడ్‌లో పైకి అనండి. బోర్ కొడుతుంది, నిజమే, కానీ రోజంతా వెనకాల పాడ్‌కాస్ట్ వాగుతూ ఉండటం కంటే పావుగంట ఇలా చేయడం నయం. క్లిప్పుల్లో బ్రిటిష్, ఆస్ట్రేలియన్, అమెరికన్ యాసలన్నీ కలిపి పెట్టుకోండి, ఒక్కదానికే అలవాటుపడితే పరీక్షలో ఇంకోటి వచ్చేసరికి కంగారు పడతారు.

స్టెప్ 3: ఉచ్చులు గుర్తుపట్టడం

‘ట్యూస్‌డే రండి’ అంటారు, మీరు రాసేస్తారు, వెంటనే ‘ఓ సారీ, ఆ రోజు ఫుల్ అయిపోయింది, థర్స్‌డే అయితే ఓకే’ అంటారు. కాబట్టి ‘బట్’, ‘యాక్చువల్లీ’, ‘సారీ’ వినపడగానే అలర్ట్ అవ్వండి. ఇంకోటి, ప్రశ్నలో ఉన్న మాటే ఆడియోలో రాకపోవచ్చు: పేపర్ మీద ‘చీప్’ అని ఉంటే వాళ్ళు ‘డజంట్ కాస్ట్ మచ్’ అంటారు. మల్టిపుల్ చాయిస్‌లో అయితే ఆప్షన్‌లో ఉన్న పదం యథాతథంగా వినపడిందంటే, అది కరెక్టేనా అని కొంచెం అనుమానించడమే మంచిది. ప్రాక్టీస్ చేసేటప్పుడు ఆడియో మొదలయ్యే ముందు ఇచ్చే టైమ్‌లో కీ పదాలు అండర్‌లైన్ చేసి, అక్కడ రావాల్సింది పేరా, నంబరా, తేదీనా అని ఊహించడం అలవాటు చేసుకోండి.

స్టెప్ 4: పోయినదాన్ని వదిలేయడం

ఒకటి మిస్ అయిందని దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి రెండు మూడు కూడా పోతాయి. ఎప్పుడూ రెండు ప్రశ్నల మీద కన్ను ఉంచండి, రెండోదాని ఆన్సర్ వచ్చేసిందంటే మొదటిది అయిపోయినట్టే, ముందుకెళ్ళిపోండి. ఐఈఎల్‌టీఎస్ పార్ట్ 4లో ఇది మరీ ముఖ్యం, అక్కడ ఒక్కరే లెక్చర్ చెప్తారు, మధ్యలో గ్యాప్ ఉండదు.

స్టెప్ 5: చిన్న చిన్నవి

థర్టీన్, థర్టీ లాంటివి, స్పెల్లింగ్ చెప్పేటప్పుడు వచ్చే ఎ, ఇ, ఐ అక్షరాలు, ‘డబుల్ టీ’ లాంటివి విడిగా ప్రాక్టీస్ చేయండి. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది, రెండు పదాల్లోపే రాయమన్నచోట మూడు రాసినా అంతే. బహువచనం చివరి ‘ఎస్’ కూడా చూసుకోండి. ఐఈఎల్‌టీఎస్‌లో పేపర్ మీద రాసేవాళ్ళకి ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించడానికి చివర్లో 10 నిమిషాలు ఇస్తారు, కంప్యూటర్‌లో అయితే చెక్ చేసుకోవడానికి 2 నిమిషాలే, అందుకే అక్కడ వింటూ వింటూనే సరిగ్గా టైప్ చేసేయాలి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకండి, తోచింది రాసేయండి.