గోడకెక్కే ఫొటోకు బయటి ఇంక్: వాడే ముందు పరీక్షించే పద్ధతి

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇంటి పెద్దలు కాలం చేశాక వారి ఫొటోను పెద్ద సైజులో ప్రింటు తీయించి, దండ వేసి, ముందు గదిలో గోడకు తగిలిస్తారు. ఆ గోడకు ఎదురుగా చాలా ఇళ్లలో వాకిలి ఉంటుంది కనుక ఏళ్ల తరబడి వెలుతురూ వేడీ ఆ కాగితం మీద పడుతూనే ఉంటాయి. ప్రింటర్ కంపెనీ సొంత ఇంకుకు బదులు తక్కువ ధరకు దొరికే బయటి ఇంక్ వాడదలచినవారు మొదటి రోజు కనిపించే మెరుపును చూసి నిర్ణయం తీసుకోకూడదు. కొన్నేళ్ల కిందట అలా తొందరపడి నేను ఇచ్చిన ఒక తాతగారి ఫొటోలో ఏడాది తిరగకముందే ఎరుపు వెలిసి ముఖం పచ్చబారింది. నా ఖర్చుతోనే మళ్లీ తీసి ఇచ్చాను గానీ, ఆ ఇంటివారు పడిన బాధను మరచిపోలేకపోయాను. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

ముందుగా ఇంక్ ఏ రకమో తెలుసుకోవాలి. డై ఇంకులో రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉంటుంది. పిగ్మెంట్ ఇంకులో అతి సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. గోడకెక్కే ఫొటోలకు సాధారణంగా పిగ్మెంట్ మేలు. ప్రింటర్ ఏ రకం ఇంకుతో వచ్చిందో ఆ రకమే వాడాలి, రెండింటినీ కలపకూడదు.

కంపెనీ ఇంక్ తీసివేయక ముందే దానితో ఒక పరీక్ష చిత్రాన్ని, మీరు ఎప్పుడూ వాడే కాగితం మీదే, మూడు నాలుగు ప్రతులు తీసుకోవాలి. తరువాత చేసే ప్రతి పోలికకూ ఇవే ఆధారం. ఆ చిత్రంలో తెలుపు నుంచి నలుపు దాకా బూడిద రంగు మెట్లు, మన చామనఛాయ ముఖాలు, పోచంపల్లి ఇక్కత్ చీరలోని ముదురు ఎరుపు, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయపు రాతి స్తంభాల నీడ వంటివి ఉండేలా చూసుకోండి. నీడలో రాతి చెక్కడం కనిపిస్తోందా, లేక నల్లగా పూడిపోయిందా అన్నది ఇంక్ స్వభావాన్ని వెంటనే చెబుతుంది.

కొత్త ఇంక్ నింపాక ట్యూబుల్లో పాత ఇంక్ ఇంకా మిగిలి ఉంటుంది కనుక మొదటి ప్రింట్లను లెక్కలోకి తీసుకోకూడదు. పాతది పూర్తిగా పోయాక నాజిల్ చెక్ (ఇంక్ చిమ్మే సన్నని రంధ్రాలు, అంటే నాజిళ్లు, మూసుకుపోయాయో లేదో చూపే గీతల ప్రింటు) తీసి, ఒక రాత్రి, తరువాత మూడు రోజులు, ఆపై వారం ప్రింటర్‌ను ఖాళీగా ఉంచి మళ్లీ మళ్లీ తీయాలి. ఎండలు 43, 44 డిగ్రీలు దాటి గాలిలో తేమ పడిపోయే ఏప్రిల్, మే నెలల్లో నాజిళ్లు త్వరగా ఎండిపోతాయి కాబట్టి, వానాకాలంలో బాగా నడిచిన ఇంకును వేసవిలో మరోసారి చూడనిదే నేను నమ్మను. ఎప్పుడూ ఒకే రంగులో గీతలు తెగిపోతుంటే హెడ్ క్లీనింగులు (నాజిళ్లలోంచి ఇంక్ లాగి శుభ్రం చేయడం) చేస్తూ పోకుండా ఆ రంగు ఇంకునూ, దాని దారిలో గాలి చేరిందేమోననీ చూడాలి.

రంగుల విషయానికి వస్తే, పాత ప్రొఫైల్‌తో కొత్త ఇంకును తూచడం అన్యాయం. ప్రొఫైల్ అనేది రంగులు సరిగ్గా అచ్చయ్యేలా సరిదిద్దే ఫైలు, అది ఒక ప్రింటర్, ఒక ఇంక్, ఒక కాగితం కలిసినప్పుడే చెల్లుతుంది. కలర్ మేనేజ్‌మెంట్ (రంగులను సరిదిద్దే సెట్టింగు) ఆపివేసి, రకరకాల రంగుల గళ్లున్న టార్గెట్ ప్రింటు తీసి, 24 గంటలు ఆరనిచ్చి, రంగును కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిచి కొత్త ప్రొఫైల్ చేసుకోవాలి. ఆ పరికరం లేనివారు టార్గెట్‌ను ప్రొఫైళ్లు చేసి ఇచ్చేవారికి పంపవచ్చు. ఆ తరువాత నలుపు ఎంత లోతుగా ఉందో కంపెనీ ప్రతితో పోల్చండి. ప్రింటును వాకిట్లో పగటి వెలుతురులో, ఎల్‌ఈడీ ట్యూబ్ కింద, పసుపు బల్బు కింద చూడండి. బూడిద రంగు ఒకచోట ఆకుపచ్చగా, ఇంకోచోట గులాబీగా తిరిగితే నలుపు తెలుపు ఫొటోలకు ఆ ఇంక్ పనికిరాదు. గ్లాసీ కాగితాన్ని వంచి చూసినప్పుడు నల్లని చోట్ల కంచు మెరుపు వస్తుందేమో కూడా గమనించాలి.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక అడిగేది వెలిసిపోయే పరీక్ష. రెండు ఇంకుల ప్రింట్లనూ పట్టీలుగా కత్తిరించి, ఒక్కొక్కటి చీకటి కవరులో దాచి, మిగిలినవాటిని సగం అల్యూమినియం రేకుతో కప్పి, ఎండ పడే కిటికీలో పక్కపక్కన అతికించాలి. వారానికోసారి కొలిచి, తేడాను రాసుకోవాలి. నేరుగా పడే ఎండ లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వరకు ఉంటుంది. ప్రింట్ల ఆయుష్షును లెక్కకట్టే విల్‌హెల్మ్ సంస్థ రోజుకు 12 గంటలు 450 లక్స్ వెలుతురును ప్రమాణంగా తీసుకుంటుంది. కనుక మన కిటికీ ఇచ్చే జవాబు ఫొటో ఎన్నేళ్లు నిలుస్తుందని కాదు, కంపెనీ ఇంకుతో పోలిస్తే ఇది ముందు వెలుస్తుందా అని మాత్రమే. సీసా మీద నూరేళ్లు అని రాసి ఉంటే ఏ వెలుతురులో, ఏ కాగితం మీద, అద్దం ఉండగానా లేకనా అని అమ్మేవారిని అడగండి. డై ఇంకైతే మరో పట్టీని అద్దం లేకుండా, ఎండ తగలని చోట గాలికి వేలాడదీయాలి. గాలిలోని ఓజోన్ వాయువు కూడా దానిని వెలిసేలా చేస్తుంది. అచ్చు పడని తెల్లని అంచు పసుపుబారితే ఆ తప్పు ఇంకుది కాదు, కాగితానిది, తరచుగా అందులో తెలుపు కోసం కలిపిన రసాయనానిది.

ప్రతి పట్టీ వెనుక పెన్సిల్‌తో తేదీ, కాగితం పేరు, సీసా మీది బ్యాచ్ నంబరు రాయండి. అదే పేరుతో వచ్చే తరువాతి బ్యాచ్ వేరుగా ఉండవచ్చు కనుక, కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ బూడిద మెట్లూ ఒక ముఖమూ ఉన్న చిన్న ప్రింటు తీసి పాత పట్టీ పక్కన పెట్టి చూశాకే గిరాకీ పని మొదలుపెట్టాలి.