మన వీధి సిమెంటు రోడ్డు లెక్క అడగడం ఎలా?

మా వీధిలో వేసిన సీసీ రోడ్డు రెండో వానాకాలానికే అంచులు విరిగి కంకర తేలింది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి "రోడ్డు ఇంత త్వరగా ఎందుకు పాడైంది?" అని అడిగాను. మీరు కోరిన సమాచారం మా రికార్డుల్లో లేదని జవాబు వచ్చింది. చాలా కోపం వచ్చింది. తర్వాత చట్టం చదివితే ప్రశ్న అడిగిన తీరులోనే పొరపాటు ఉందని తెలిసింది. 2005 నాటి ఈ చట్టం ఆఫీసులో ఉన్న కాగితాన్ని మనకు ఇప్పిస్తుంది, అధికారి చేత సంజాయిషీ చెప్పించదు. కాబట్టి "ఎందుకు" అని కాకుండా ఫలానా కాగితం నకలు ఇవ్వండి అని అడగాలి.

ముందు పని ఎవరిదో తెలుసుకోండి

పంచాయతీ వేసిందా, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్లు వేశారా, మున్సిపాలిటీదా? పని దగ్గర బోర్డు ఉంటే దాని మీద ఉంటుంది. లేకపోయినా భయం లేదు. దరఖాస్తు వేరే ఆఫీసుకు వెళ్లిందనుకోండి, 5 రోజుల్లోగా సరైన చోటికి పంపాల్సిన బాధ్యత 6(3) సెక్షన్ ప్రకారం వాళ్లదే.

అడగాల్సిన కాగితాలు

తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. పైన "పౌర సమాచార అధికారి గారికి" అని, కింద ఊరు, వీధి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వేసిన రోడ్డు, ఏ సంవత్సరం పని అని స్పష్టంగా పెట్టి, వీటి నకళ్లు కోరండి:

1. మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేటు
2. కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు
3. ఆ పనికి సంబంధించిన ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు
4. చెల్లించిన బిల్లులు, నాణ్యతా పరీక్షల నివేదికలు

వీటిలో ప్రాణం ఎం-బుక్. పని జరిగాక ఇంజనీరు కొలిచి పొడవు, వెడల్పు, మందం రాసేది అందులోనే. బిల్లు దాన్నిబట్టే వస్తుంది. మిగతావి ఆలస్యమైనా ఇది మాత్రం వదలొద్దు.

సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. రుసుము రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి ఆఫీసుకు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే అదీ కట్టక్కర్లేదు. చేత్తో ఇస్తే మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో పంపితే రసీదు దాచండి. రేపు అప్పీలుకు పోవాలంటే ఆ తేదీయే ఆధారం.

ఇంకో మాట. ఊళ్లో ఇలాంటివి అడిగితే ఇంటికొచ్చి నచ్చజెప్పేవాళ్లు, బెదిరించేవాళ్లు ఉంటారు. ఒక్కరే టెన్షన్ పడొద్దు. అదే దరఖాస్తును నలుగురు విడివిడిగా, ఎవరి పేరుతో వాళ్లు పెట్టండి.

30 రోజులు దాటితే

దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా, ఆ తర్వాత 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పైఅధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆపిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయవచ్చు. గడువు దాటాక ఇచ్చే నకళ్లకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

టేపు పట్టుకుని రోడ్డు మీదికి

చాలామంది కాగితం చేతికి రాగానే ఆగిపోతారు. అసలు పని ఇక్కడి నుంచే మొదలు. ఎం-బుక్‌లో పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు అని ఉందనుకోండి. అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. నిజంగా వేసింది 10 సెంటీమీటర్లే అయితే 30 ఘనపు మీటర్లే పడింది. మూడోవంతు కాంక్రీటు లేదన్నమాట! పైనుంచి చూస్తే రెండు రోడ్లూ ఒకేలా ఉంటాయి.

అంచున మట్టి పక్కకు తీసి అయిదారు చోట్ల కొలవండి. ప్రతిచోటా టేపు కనబడేలా ఫోటో తీయండి. అంచు కొలత ఒక్కటే చూసి దొంగతనం అనేయకండి, మధ్యలో మందం వేరుగా ఉండొచ్చు. కోర్ (రోడ్డుకు రంధ్రం చేసి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్క) తీసి పరీక్షించమని ఆ ఆఫీసును రాతపూర్వకంగా కోరండి. పనిని తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఈ చట్టం 2(జె) సెక్షన్‌లో ఉన్నాయి.

నలుగురిలో చదవండి

1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్‌కిరానా ఊళ్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు పనుల లెక్కలను ఊరందరి ముందు చదివి వినిపించారు. విన్నవాళ్లే ఏది నిజమో ఏది అబద్ధమో చెప్పారు. సమాచార హక్కు ఉద్యమానికి ఊపు వచ్చింది అలాంటి సభలతోనే. 2006 నుంచి మన దగ్గర ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో జరుగుతున్నదీ ఇదే పద్ధతి.

మీరూ అలాగే చేయండి. ఒక పేజీలో ఎడమవైపు కాగితంలో ఉన్న కొలత, కుడివైపు మీరు కొలిచింది రాయండి. ఎవరినీ తిట్టొద్దు, పేరు పెట్టి నింద వేయొద్దు. తేదీ వేసి రచ్చబండ దగ్గర చదవండి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. తర్వాత గ్రామసభలో లేచి అదే పేజీ చదివి, రోడ్డు బాగుచేయించాలని తీర్మానం పుస్తకంలో రాయించండి. ఆ తీర్మానం నకలు తీసుకోండి. రెండు నెలలు చూసి, దాని మీద తీసుకున్న చర్యల కాగితాల కోసం మళ్లీ ఒక దరఖాస్తు పెట్టండి.