ప్లేఔట్ సర్వర్ సంరక్షణ – 4వ పాఠం: డిస్కుల వారపు తనిఖీ, పాడైన డిస్క్ మార్పిడి

గత పాఠంలో యూపీఎస్ బ్యాటరీలు చూశాం. ఈసారి ప్లేఔట్ సర్వర్‌లోని (కార్యక్రమాలు నిల్వ ఉంచి ప్రసారానికి పంపే కంప్యూటర్) డిస్కులు. ఒక డిస్క్ పాడైనంత మాత్రాన ఛానెల్ ఆగదు, రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా దక్కేలా కొన్ని డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి) పెట్టుకున్నదే అందుకు. పాడైనదాన్ని తీయబోయి పక్కనున్న మంచి డిస్క్ లాగేస్తే మాత్రం ఆగిపోవచ్చు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం సర్వర్ మీద చెయ్యి వేయకముందు చేయాల్సిన పని గురించే.

ఉదాహరణకు వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక చిన్న లోకల్ ఛానెల్ ఎంసీఆర్ (ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్) అనుకుందాం. మెయిన్ ఒకటి, బ్యాకప్ ఒకటి, మొత్తం రెండు ప్లేఔట్ సర్వర్లు. ఒక్కోదానిలో 4 టెరాబైట్ల డిస్కులు 8 ఉన్నాయి, రెయిడ్ 6లో, అంటే రెండు డిస్కులు పోయినా డేటా దక్కే అమరికలో. ఇందులో రెండు డిస్కులంత చోటు రక్షణకే పోతుంది, మిగిలేది 24 టెరాబైట్లు. మీ క్లిప్పులు సెకనుకు 50 మెగాబిట్ల హెచ్‌డీ అయితే గంట వీడియోకి 22.5 గిగాబైట్లు పడుతుంది, ఆడియో అదనం. ఈ లెక్క ఒకసారి మీ సర్వర్‌కి వేసి గోడ మీద అంటించండి. డిస్కులు 85 శాతం నిండాయంటే పాత క్లిప్పులు ఆర్కైవ్‌కి తరలించాల్సిన సమయం వచ్చినట్టే. ఇంకో మాట, రెయిడ్ ఉందని బ్యాకప్ కాపీ మానేయకండి. ఎవరైనా పొరపాటున ఒక సీరియల్ డిలీట్ చేస్తే రెయిడ్ దాన్ని తిరిగి ఇవ్వలేదు.

వారానికి ఒకసారి, రన్‌డౌన్ (ప్రసార క్రమం) తేలిగ్గా ఉండే మధ్యాహ్నం వేళ, రెయిడ్ కంట్రోలర్ (ఈ డిస్కులన్నిటినీ నడిపే కార్డు) సాఫ్ట్‌వేర్ తెరవండి. శ్రేణి (కలిపి వాడుతున్న డిస్కుల గుంపు) స్థితి 'ఆప్టిమల్' అని, అంటే అంతా బాగున్నట్టు, ఉందా చూడండి. తర్వాత ఒక్కో డిస్క్ స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క. సాటా రకం డిస్కుల్లో 5, 197 నంబర్ల వరుసలు ముఖ్యం. 5లో ఉన్నది, చెడిపోయి వేరేచోటికి మార్చిన సెక్టార్ల (డిస్క్ మీద డేటా ఉండే చిన్న గడుల) సంఖ్య. 197లో ఉన్నవి, చదవడానికి మొరాయిస్తూ ఇంకా ఏదీ తేలని సెక్టార్లు. శాస్ రకం డిస్కులైతే 'గ్రోన్ డిఫెక్ట్' (వాడకంలో కొత్తగా చెడిన చోట్లు) లెక్క చూడాలి. అంకె ఎంత ఉందన్నదానికంటే పోయిన వారానికీ ఈ వారానికీ పెరిగిందా అన్నది నేను ముందు చూస్తాను. ఏడాదిగా 8 దగ్గరే నిలిచిన డిస్క్‌ని ఉండనివ్వచ్చు. మూడు వారాల్లో 2 నుంచి 40కి వెళ్లినదాన్ని వారంటీ ఉందో లేదో చూడకుండా మార్చేయాలి. 199వ వరుస (డేటా వెళ్లే దారిలో వచ్చిన తప్పుల లెక్క) పెరుగుతుంటే మాత్రం డిస్క్‌ని అనుమానించే ముందు కేబుల్, బ్యాక్‌ప్లేన్ (డిస్కులు గుచ్చుకునే బోర్డు) చూడండి.

ఇక్కడ కొత్తవాళ్లకి అంతుబట్టని సంగతి ఒకటుంది. ప్రసారంలో రోజూ చదివేది డిస్కుల్లో కొద్ది భాగమే. రెండేళ్ల క్రితం వేసిన సంక్రాంతి స్పెషల్ ఉన్న మూల పాడైనా ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాన్ని ఎవరూ అడగలేదు. ఒక డిస్క్ పోయి రీబిల్డ్ (పోయిన డేటాను కొత్త డిస్క్‌లో మళ్లీ నింపడం) మొదలైనప్పుడు మిగతా డిస్కులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాల్సి వస్తుంది. అప్పుడు బయటపడుతుంది ఆ మూల. ఒక్క డిస్క్ నష్టాన్నే తట్టుకునే రెయిడ్ 5 అయితే అక్కడ ఆ డేటా పోయినట్టే. దీనికి మందు 'ప్యాట్రోల్ రీడ్', అంటే గస్తీ తిరిగినట్టు చదవడం. కంట్రోలర్ ఖాళీ సమయంలో డిస్కులన్నీ తనంతట తాను చదివి, తేడా ఉన్న సెక్టార్లను సరిచేస్తుంది. ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు మొదలయ్యేలా పెట్టండి. వార్తల బులెటిన్ల సమయంలో మాత్రం వద్దు.

వైజాగ్‌లో ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మన గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ, వన్ టౌన్ వైపు పోర్టు బొగ్గు దుమ్ము కూడా. సర్వర్ ముందు ఫిల్టర్లు నెలకోసారైనా బయటకి తీసి శుభ్రం చేయండి, ర్యాక్ దగ్గర దులపకండి. స్పేర్ డిస్కులు స్టోర్ రూమ్‌లో కాకుండా ఎంసీఆర్‌లోనే, సీలు విప్పని కవర్లో ఉంచండి. ఏసీలో చల్లబడిన డిస్క్‌ని వేసవి సాయంత్రం బయటికి తీసుకెళ్తే గాలిలోని తేమ దాని మీద నీటి బొట్లుగా చేరుతుంది. ఇక తుఫాన్లు వచ్చే అక్టోబరు, నవంబరుల్లో స్పేర్లు రెండు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కులు ఒకసారి ఆగి చల్లబడ్డాక మళ్లీ తిరగకపోవచ్చు. అప్పుడు కొరియర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం.

ఇప్పుడు మార్పిడి. రాత్రి షిఫ్ట్ కుర్రాడు ఫోన్ చేశాడు: "సార్, మెయిన్‌లో ఐదో డిస్క్ ఆరెంజ్ లైటు వేస్తోంది." వెంటనే అడగాల్సింది, "ఐదోదా, 5 నంబరుదా?" చాలా కంట్రోలర్లు స్లాట్లను 0 నుంచి లెక్కపెడతాయి. మనిషి 1 నుంచి లెక్కపెడతాడు. ఐదో డిస్క్ అంటే స్లాట్ 4. ప్రమాదం ఇక్కడే.

రెయిడ్ 6లో ఒకటే పోయింది కాబట్టి కంగారు పడక్కర్లేదు, చివరి బులెటిన్ అయ్యేదాకా ఆగండి. రెయిడ్ 5 అయితే ఆగొద్దు. ఏదైనా సరే ముందు బ్యాకప్ సర్వర్‌లో అదే ప్లేలిస్టు, అవే క్లిప్పులు ఉన్నాయని సరిచూసి, దాన్ని ఆన్ ఎయిర్‌కి తెచ్చుకోండి. ప్రసారంలో ఉన్న సర్వర్‌లో చెయ్యి పెట్టకూడదు. ఈ చేంజోవర్‌తో ఇంకో లాభం కూడా ఉంది: ఖాళీ అయిన మెయిన్‌లో రీబిల్డ్ వేగం పెంచుకోవచ్చు. 4 టెరాబైట్లు సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున 11 గంటల్లో పూర్తవుతుంది. ఆన్ ఎయిర్‌లో ఉండి సగం వేగంతో చేస్తే 22 గంటలు.

సాఫ్ట్‌వేర్‌లో ఆ డిస్క్ సీరియల్ నంబరు రాసుకోండి. ఇంకా ఆన్‌లైన్‌లో చూపిస్తుంటే ఆఫ్‌లైన్ చేయండి. 'లొకేట్' నొక్కితే ఆ ట్రే లైటు మెరుస్తుంది. ఇంకొకర్ని పక్కన నిలబెట్టి పైకి చదివించండి. చేతికి ఎర్త్ పట్టీ కట్టుకుని ట్రే ఒక అంగుళం మాత్రమే లాగి, అర నిమిషం ఆగండి, లోపల తిరుగుతున్న పళ్లేలు నిలవాలి. అప్పుడు బయటకి తీసి స్టిక్కర్ మీద నంబరు పోల్చండి.

కొత్త డిస్క్ అదే రకం, అంతే సామర్థ్యం లేదా ఎక్కువ ఉండాలి. డెస్క్‌టాప్ కంప్యూటర్ డిస్క్ వద్దు. అది ఒక చెడ్డ సెక్టార్ దగ్గర చాలాసేపు ప్రయత్నిస్తూ ఉండిపోతే, కంట్రోలర్ దాన్ని చచ్చిందనుకుని బయటపడేస్తుంది. వేరే సర్వర్‌లో వాడిన డిస్క్ పెడితే 'ఫారిన్' అని చూపిస్తుంది. 'ఇంపోర్ట్' నొక్కకండి. అందులో అవసరమైన డేటా ఏదీ లేదని తేల్చుకుని 'క్లియర్' చేయండి.

రీబిల్డ్ 100 శాతం, శ్రేణి ఆప్టిమల్ అని చూశాకే మెయిన్‌ని మళ్లీ ప్రసారంలోకి తీసుకోండి. తేదీ, స్లాట్, పాత, కొత్త సీరియల్ నంబర్లు లాగ్ బుక్‌లో రాయండి.

ఈ వారం అభ్యాసం: ఒక తెల్ల కాగితం మీద మీ సర్వర్ ముఖం గీసి, ప్రతి స్లాట్‌లో కంట్రోలర్ ఇచ్చే నంబరు, సీరియల్ నంబరు రాయండి. ఏ డిస్కూ లాగకుండా, లొకేట్ లైటు ఒక్కొక్కటిగా వెలిగించి సరిచూసుకోండి. ఆ కాగితం ర్యాక్ తలుపు లోపలివైపు అంటించండి. వచ్చే పాఠంలో సర్వర్ గడియారం, నెట్‌వర్క్ ద్వారా దాని టైమ్ సరిచేసే ఎన్‌టీపీ.